స్టోరీబోర్డుకి పెన్సిలా, ఫోనా, ప్లానా, సాఫ్ట్‌వేరా?

విజయవాడ వన్‌టౌన్‌లో ఓ సందు చివర టైలరు కొట్టు ఉంది. వెడల్పు 8 అడుగులు, లోపలికి 10 అడుగులు. వీధి వైపు కుట్టు మిషను, మధ్యలో కటింగ్ బల్ల, వెనక గోడకి నిలువుటద్దం. కిందటి చలికాలంలో నా దగ్గరికి వచ్చే పిల్లలు నలుగురు వాళ్ళ షార్ట్ ఫిల్ములో ఒక సీను అక్కడ తీద్దామనుకున్నారు. కొడుకు హైదరాబాదులో కోచింగు మానేసి ఇంటికొచ్చేశాడు. ఆ సంగతి తండ్రికి చెప్పాలి. తండ్రేమో వాడు ఇంటర్వ్యూకి వేసుకెళ్ళాల్సిన చొక్కా కుడుతున్నాడు. పేజీన్నర సీను. ఏడు డైలాగులు. మధ్యలో ఒకసారి దారం తెగుతుంది, అంతే.

ఆ నలుగురిలో ఒకమ్మాయికి బొమ్మలు బాగా వచ్చు. రెండు రాత్రులు కూచుని ఆ సీనుకి స్టోరీబోర్డు, అంటే షాటు షాటుకీ కెమెరాలో ఏం కనపడాలో చూపించే బొమ్మల వరస, 22 ఫ్రేములు గీసింది. తండ్రి మెడలో వేలాడే టేపు, చెవి మీద పెట్టుకున్న సుద్ద ముక్క, మిషను చక్రం మీద చెయ్యి, అన్నీ ఉన్నాయి. అద్దం మాత్రం ఒక్క ఫ్రేములోనూ లేదు. కొట్టుకెళ్ళి నిలబడి చూస్తే, ఆ 22 షాట్లలో సగానికి పైగా అద్దంలో కెమెరా, కెమెరా వెనక మేమూ పడతాం.

"అద్దం తీయించొచ్చా మాస్టారూ?" అని అడిగారు.

"గోడకి దిగ్గొట్టేసుంది బాబూ, లాగితే పగుల్తుంది. కావాలంటే గుడ్డ కప్పుకోండి" అన్నాడాయన, మిషను ఆపకుండానే.

గుడ్డ కప్పితే అది టైలరు కొట్టని ఎవరు నమ్ముతారు? ఆ సాయంత్రం పిల్లల మధ్య పెద్ద వాదన జరిగింది. ఫోన్‌తో ఫోటోలు తీసుకుంటే పోయేదని ఒకడు, కంప్యూటర్లో త్రీడీ చేద్దామని ఇంకొకడు, అసలు స్టోరీబోర్డే వద్దు, ఏయే షాట్లు తీయాలో లిస్టులా షాట్ డివిజన్ రాసుకుంటే చాలని మూడోవాడు. చివరికి అదే సీనుని అన్ని రకాలుగానూ చేసి చూశాం. ఈ సలహా అందులోంచి వచ్చింది. ముందే చెప్పేస్తున్నా, నాకు పక్షపాతం ఉంది. విద్యార్థులు తీసే సినిమాలకి ఎక్కువ సీన్లలో లొకేషనుని పై నుంచి చూసినట్టు స్కేలుకి గీసిన ప్లానూ, లొకేషన్లో తీసిన ఫోన్ ఫోటోలూ కలిస్తే సరిపోతుందని నా లెక్క. బొమ్మలొస్తే సంతోషమే, రాకపోయినా పని ఆగదు.

చేత్తో గీయటం

స్టోరీబోర్డు మాట ఎత్తగానే మనవైపు ఎవరో ఒకరు బాపు గారి పేరు తెస్తారు. ఆయన షాటు షాటుకీ బొమ్మ వేసుకుని సెట్టుకెళ్ళేవారు, నిజమే. సత్యజిత్ రాయ్ సినిమాల్లోకి రాకముందు ప్రకటనల కంపెనీలో ఆర్టిస్టు. జపాన్ దర్శకుడు కురొసావా కుర్రతనంలో చిత్రకారుడు కావాలనుకున్నాడు. చెయ్యి తిరిగినవాళ్ళు కాబట్టి వాళ్ళు బొమ్మల్లో ఆలోచించారు. వాళ్ళని చూసి "మాకు బొమ్మలు రావు, కాబట్టి స్టోరీబోర్డు మా వల్ల కాదు" అనుకుని షూటింగు రోజు ఊరికే వెళ్ళిపోయే కుర్రాళ్ళని చాలామందిని చూశాను.

నిజానికి ఫ్రేములో తెలియాల్సినవి మూడే. తల ఎంత పెద్దగా ఉంది, ముక్కు ఎటు తిరిగి ఉంది, కళ్ళు ఎటు చూస్తున్నాయి. గుండ్రటి సున్నా, దానికో ముక్కు గీత, చూపుకో బాణం. ఇలాంటి ఫ్రేము గీయటానికి నిమిషం చాలు. ఆ 22 గీసిన అమ్మాయి ఒక్కో ఫ్రేముకి పావుగంట పెట్టింది. ఆ పావుగంటలో చాలా భాగం చొక్కా మడతలకి పోయింది. షూటింగులో ఆ మడతలు ఎవరికీ అక్కరకి రాలేదు.

చేతి బొమ్మల్లో అసలు లాభం వేరే ఉంది. ఊహని ఏదీ అడ్డుకోదు. ఇంకా లొకేషను దొరకని సీనుకి, లేని వస్తువులకి, కలలకి, పై నుంచి చూసే చూపుకి పెన్సిలుని మించింది లేదు. నష్టం కూడా అదే. కాగితం మీద గోడలు ఎంత దూరమైనా జరుగుతాయి. ఎనిమిదడుగుల కొట్లో పదిహేనడుగుల వెనక నుంచి తీసిన లాంగ్ షాటు హాయిగా గీసేయొచ్చు, తీయటమే కుదరదు. మొదట్లో నేను తీసిన ఒక చిన్న సినిమాలో ఇదే జరిగింది. మంచి నోటుపుస్తకం కొని 36 ఫ్రేములు గీసుకున్నాను. తీరా వెళితే ఆ ఇంట్లో మంచం, నేను గీసిన గోడకి కాకుండా ఎదురు గోడకి ఉంది. మంచం జరపనిచ్చారు గానీ కిటికీ జరపలేంగా. వెలుగు ముఖం మీద పడాల్సింది వీపు మీద పడింది. ఆ రోజు నోటుపుస్తకం సంచిలోంచి బయటికి తీయలేదు.

గీసేవాళ్ళకి ఒక్క సలహా. నోటుపుస్తకంలో గీయకండి, విడి అట్టముక్కల మీద గీయండి. 1930ల మొదట్లో వాల్ట్ డిస్నీ స్టూడియోలో కథ బొమ్మల కాగితాల్ని గోడ మీది బోర్డుకి పిన్నులు గుచ్చి పెట్టడంతో ఈ పద్ధతి కుదురుకుంది. పేరులో బోర్డు అందుకే వచ్చింది. బొమ్మలు అంతకు ముందూ గీసేవాళ్ళు. కొత్తగా వచ్చినదల్లా నచ్చనిది పీకేసి, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ గుచ్చుకునే వీలు. పుస్తకంలో ఆ వీలు ఉండదు. 8 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు గడి గీస్తే 16:9 ఫ్రేము అవుతుంది. కింద రెండు లైన్లు రాసుకునే జాగా వదలండి. అట్టముక్కలు కొననక్కర్లేదు. ప్రింటింగ్ ప్రెస్సుల్లో శుభలేఖలు కోయగా మిగిలిన ముక్కలుంటాయి, అడిగితే సంచి నిండా ఇస్తారు. మా కార్డుల్లో సగం వాటి వెనక వినాయకుడి బొమ్మలో సగం ఉంది.

ఫోన్ ఫోటోలు

లొకేషను చేతిలో ఉంటే నా మొదటి ఎంపిక ఇదే. స్నేహితుల్ని నిలబెట్టి, అనుకున్న ప్రతి షాటుకీ ఒక ఫోటో. అద్దం దానంతటదే పట్టుబడిపోతుంది. అద్దమే కాదు, గోడ మీది పాత క్యాలెండరు, పైన తిరిగే ఫ్యాను నీడ, తలుపు పూర్తిగా తెరుచుకోకపోవటం, ఎదురు కొట్టు ఎర్ర బోర్డు వెలుగు కొడుకు బుగ్గ మీద పడటం, ఇవన్నీ ఏ బొమ్మా చెప్పదు. మా కొట్లో ఇంకో సంగతి బయటపడింది. తండ్రి మిషను మీద వంగి ఉంటాడు, కొడుకు నిలబడి ఉంటాడు. ఇద్దరూ ఒకే ఫ్రేములో పడాలంటే ఒకరి తలైనా పోతుంది, లేకపోతే కెమెరా బాగా వెనక్కి పోవాలి. ఫోటో తీసి చూసుకునేదాకా ఎవరికీ తోచలేదు. వెంటనే కొడుకుని బల్ల అంచు మీద కూచోబెట్టాం. కాగితం మీద నాలుగు రోజులు కొట్టుకున్నా ఆ ఆలోచన వచ్చేది కాదు.

అయితే ఫోనుతో పెద్ద చిక్కు ఒకటుంది. దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఫోను మామూలు కెమెరా చూపు చాలా వెడల్పు. పెద్ద సెన్సరు ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా భాషలో చెప్పాలంటే దాదాపు 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్సు. మీరు అద్దెకి తెచ్చుకునేది సాధారణంగా ఏపీఎస్-సీ అనే, దానికన్నా చిన్న సెన్సరు ఉన్న కెమెరా, దానికో 50 మిల్లీమీటర్ల లెన్సు. తక్కువలో దొరుకుతుంది, వెనక భాగం మసకగా వచ్చి సినిమా చూపు వస్తుంది కాబట్టి అందరూ అదే తెస్తారు. కానీ ఆ సెన్సరు మీద ఆ లెన్సు 75 నుంచి 80 మిల్లీమీటర్ల లెన్సులా చూస్తుంది. అంటే ఫోను చూసే వెడల్పులో మూడో వంతు. ఎనిమిదడుగుల దూరం నుంచి ఫోనుకి పదడుగుల వెడల్పు కనపడితే, ఆ లెన్సుకి నాలుగడుగులు కూడా కనపడదు. ఫోన్‌తో కొట్టంతా పట్టిన మాస్టర్ షాటు, షూటింగు రోజు చూస్తే తండ్రి భుజాలూ మిషను తలా మాత్రమే అవుతుంది. వెనక్కి జరుగుదామంటే వెనక గోడ.

దీనికి మందు తేలిక. ముందే ఏ లెన్సు తెస్తారో తేల్చుకోండి. 50 అయితే ఫోనులో 3 రెట్లు జూమ్ చేసి ఫోటో తీయండి, దాదాపు అదే చూపు వస్తుంది. 35 అయితే 2 రెట్లు. కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్సు 18 దగ్గర పెడితే జూమ్ అక్కర్లేదు, ఫోను చూపే దాని చూపు. ఫోటో నాణ్యత పోతుందని బాధపడకండి, ఇవి ఇన్‌స్టాలో పెట్టుకునేవి కావు. ఫోను ఫోటోలు 4:3లో పడతాయి, సెట్టింగుల్లో 16:9 చేసుకోండి. లేకపోతే పైనా కిందా ఉన్న జాగా చూసి మోసపోతారు. మా కుర్రాళ్ళు ఇలా మూడు రెట్లు జూమ్ చేసి చూశాక 50 లెన్సు ఒక్కటే చాలదని తెలిసి, కిట్ లెన్సు కూడా సంచిలో వేసుకున్నారు. అద్దెకి ఏ లెన్సు తేవాలో ముందే తేలిపోవటం ఈ పద్ధతిలో వచ్చే లాభాల్లో ఒకటి.

ఫోటోలు షూటింగు జరిగే వేళకే తీయండి. మా కొట్టు తూర్పు ముఖం. ఉదయం పది దాటితే లోపల వెలుగుండదు, ట్యూబులైటే గతి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు కింద షట్టరు వేగం సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టకపోతే వీడియోలో చారలు పాకుతాయి. ఇది స్టోరీబోర్డు సంగతి కాదు, తెలుసు. కానీ పిల్లలు దాని గురించి మొదట విన్నది ఆ ఫోటోలు తీస్తున్నప్పుడే.

ఇబ్బంది ఎక్కడంటే, కొట్టువాళ్ళనో ఇంటివాళ్ళనో రెండుసార్లు బతిమాలాలి. ఒకసారి ఫోటోలకి, ఒకసారి షూటింగుకి. మాస్టారు మంచివాడు, ఒక గంట ఇచ్చాడు. బస్టాండులోనో రైల్వే స్టేషనులోనో అయితే అనుమతి లేకుండా నలుగురు నిలబడి పోజులిస్తే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. అలాంటిచోట ఒక్కరే వెళ్ళి, మనుషులు లేకుండా ఖాళీ ఫ్రేములు తీసుకొచ్చి, ఇంటి దగ్గర వాటి మీద మనుషుల్ని గీసుకోవచ్చు.

పై నుంచి చూసే ప్లాను

చాలామంది దీన్ని స్టోరీబోర్డు కిందే లెక్కపెట్టరు. నేను మాత్రం ఇది లేకుండా ఒక్క సీనూ మొదలుపెట్టను. గ్రాఫు పుస్తకంలో అడుగుకి 2 సెంటీమీటర్ల చొప్పున కొట్టుని గీయండి. 8 అడుగులకి 16, 10 అడుగులకి 20 సెంటీమీటర్లు, ఒక ఏ4 కాగితంలో హాయిగా పడుతుంది. మిషను, బల్ల, గుమ్మం, అద్దం టేపుతో కొలిచి అదే స్కేలులో పెట్టండి. మనుషులకి చొక్కా గుండీలు. తండ్రి నల్ల గుండీ, కొడుకు తెల్ల గుండీ. కెమెరాకి కాగితంతో కోసిన చిన్న త్రికోణం.

తండ్రి గుండీకీ కొడుకు గుండీకీ మధ్య ఒక గీత గీయండి. సినిమావాళ్ళు ఇమాజినరీ లైన్ అనేది ఇదే. కెమెరా త్రికోణాలన్నీ ఆ గీతకి ఒకవైపే ఉంటే, తండ్రి ఎప్పుడూ కుడి లుక్కు, కొడుకు ఎప్పుడూ ఎడమ లుక్కు. ఒక్క త్రికోణం అవతలికి దూకితే, ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపే సజెషన్ షాట్లో ఇద్దరూ ఒకేవైపు చూస్తూ ఎవరితో మాట్లాడుతున్నారో అర్థంకాకుండా పోతారు. బొమ్మలు గీసినప్పుడు ఈ తప్పు కంటికి ఆనదు, ఎందుకంటే ఒక్కో బొమ్మ విడిగా చూస్తే బాగానే ఉంటుంది. ప్లానులో మాత్రం త్రికోణం అవతల కనపడగానే దొరికిపోతుంది.

అద్దం సంగతీ ఇక్కడే తేలుతుంది. కెమెరా త్రికోణం నుంచి అద్దానికి ఒక గీత గీయండి. అది అద్దానికి ఏ కోణంలో తగిలిందో, అదే కోణంలో అవతలివైపుకి ఇంకో గీత గీయండి. ఆ గీత ఎక్కడికి పోతే అద్దంలో అదే కనపడుతుంది. పదో తరగతి ఫిజిక్సు, ఇంతకంటే ఏమీ లేదు. మా ప్లానులో మూడు త్రికోణాల దగ్గర ఆ గీత తిరిగి కెమెరా మీదికే వచ్చింది. ఒక్క త్రికోణాన్ని గుమ్మం ఎడమ వారకి రెండడుగులు జరిపితే, ఆ గీత నేరుగా వీధిలోకి పోయింది. అంటే అక్కడి నుంచి తీస్తే అద్దంలో కొడుకు వీపూ, వాడి వెనక సందూ కనపడతాయి. ప్లాను గీసిన కుర్రాడు కాసేపు మాట్లాడకుండా కూచున్నాడు. తర్వాత, "అన్నా, ఈ షాట్లో కొడుకుని వేరే తీయక్కర్లేదు కదా" అన్నాడు. నాలుగు షాట్లు ఒక్కటైపోయాయి.

బయట తీసే సీన్లకీ ప్లానే ముందు. సూర్యాస్తమయం కావాలని పున్నమి ఘాట్‌కి పరుగెత్తేవాళ్ళు ఎక్కువ. కృష్ణ ఇక్కడ పడమటి నుంచి తూర్పుకి పారుతుంది, ఘాట్ ఉత్తరపు ఒడ్డున ఉంది. డిసెంబరులో పొద్దు బాగా నైరుతికి జరిగి, నది మీదుగా కుంగుతుంది. జూన్‌లో వాయవ్యానికి జరిగి ఒడ్డు వైపు వాలుతుంది. రెండిటికీ దాదాపు 50 డిగ్రీల తేడా. మేలో చూసొచ్చిన ఫ్రేముని డిసెంబరులో తీద్దామంటే సూర్యుడు ఆ పక్కన ఉండడు. ప్లాను మీద దిక్కులు రాసి, నెలని బట్టి పొద్దుకి ఒక బాణం వేసుకుంటే హీరోయిన్‌ని ఎటు నిలబెట్టాలో ఇంట్లోనే తేలిపోతుంది. అక్కడ మంచి వెలుగుండేది 20 నిమిషాలు. అందులో ఏ షాటు ముందు తీయాలో ప్లాను చెప్పినట్టు బొమ్మలు చెప్పలేవు.

ప్లాను చెప్పనివి కూడా ఉన్నాయి. ఎత్తు చెప్పదు. తండ్రి వంగి ఉన్నాడనీ కొడుకు నిలబడ్డాడనీ గుండీలకి తెలియదు. ముఖంలో ఏముందో అసలే తెలియదు. నటించే పిల్లలకి ప్లాను చూపిస్తే మొహాలు తెల్లబోతాయి. అందుకే ఒంటరిగా కాదు, ఫోటోలతో కలిపి వాడమంటున్నాను.

సాఫ్ట్‌వేరు

కంప్యూటరు ముందు కూచుంటే పని చేస్తున్నట్టు అనిపిస్తుంది. అదే దీని ప్రమాదం. అయినా మంచివి లేకపోలేదు. వండర్ యూనిట్ వాళ్ళ స్టోరీబోర్డర్ ఉచితం. ఒక్కో ఫ్రేముకి ఎన్ని సెకన్లో పెట్టుకుని వరసగా ఆడించి చూడొచ్చు. అందులో షాట్ జనరేటర్ అని త్రీడీ బొమ్మల్ని నిలబెట్టి, లెన్సు మార్చి చూసుకునే వీలు కూడా ఉంది. క్రితా అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేరులో 2021 చివర్లో వచ్చిన 5.0 నుంచి స్టోరీబోర్డు ఏర్పాటు ఉంది. చెయ్యి తిరిగి, పెన్ టాబ్లెట్ ఉన్నవాళ్ళకి అది బాగుంటుంది. మౌసుతో గీయటమంటే మోచేత్తో ముగ్గేసినట్టే. ఐప్యాడున్నవాళ్ళు ప్రోక్రియేట్ అనే బొమ్మల యాప్ పేరు చెబుతారు. ఉంటే వాడుకోండి, దీనికోసం ఐప్యాడు కొనకండి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేరు కూడా ఉచితమే గానీ అది నేర్చుకునే లోపు సెమిస్టరు అయిపోతుంది. సీనులో కారు ఛేజో, గ్రాఫిక్సో ఉంటే తప్ప దాని జోలికి పోవద్దంటాను.

మా త్రీడీ కుర్రాడు ఆ కొట్టుని రెండు రోజులు కట్టాడు. కొలతలు ప్లానులోంచే తీసుకున్నాడు. ఫలితం బాగానే వచ్చింది, లెన్సు చూపులు కూడా సరిగ్గా పడ్డాయి. కానీ దాంట్లోంచి తెలిసిన కొత్త సంగతి ఒక్కటీ లేదు. లొకేషను పది నిమిషాల నడకలో ఉన్నప్పుడు దాన్ని కంప్యూటర్లో మళ్ళీ కట్టడం ఎందుకు? లొకేషను అరకులోనో హైదరాబాదులోనో ఉండి, ఒక్కసారే వెళ్ళగలిగితే అప్పుడు ఆ రెండు రోజులు దండగ కాదు.

సాఫ్ట్‌వేరు వల్ల నిజంగా ఒరిగేది సమయం విషయంలో. ఫ్రేముల్ని వరసగా పెట్టి, మీ గొంతులతో డైలాగులు రికార్డు చేసి కలిపితే అది యానిమాటిక్. దీనికి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేరు కూడా అక్కర్లేదు, ఫోనులో ఏ ఎడిటింగ్ యాప్ అయినా చాలు. మేం కార్డుల్ని ఫోటోలు తీసి అలాగే చేశాం. పేజీన్నర సీను, నిమిషంన్నర వస్తుందనుకున్నాం. 55 సెకన్లకి అయిపోయింది. కొడుకు "నేను వెళ్ళను నాన్నా" అన్నాక తండ్రి జవాబు వెంటనే వచ్చేస్తోంది. అక్కడ మిషను ఆగాలి, చక్రం మీద చెయ్యి ఆగాలి, తెగిన దారం నాలుకతో తడిపి సూదిలోకి ఎక్కించే ప్రయత్నం చేయాలి, మొదటిసారి ఎక్కకూడదు. కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ ప్రయత్నించాలి. రెండోసారి ఎక్కాక అప్పుడు మాట. ఆ దారం ఎక్కించటం కోసం మూడు కార్డులు కొత్తగా పుట్టాయి. స్క్రిప్టులో "దారం తెగింది" అన్న రెండు మాటలు సీనులో సగం అయ్యాయి. మౌనం మీద నడిచే సీనయినా, నవ్వు పుట్టాల్సిన సీనయినా, దెబ్బలాట అయినా యానిమాటిక్ చేయకుండా వెళ్ళకండి.

ఏఐ బొమ్మల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. మావాళ్ళూ చేసి చూశారు. కొట్టు పెళ్ళి మండపమంత వచ్చింది, తండ్రి మొహం ఫ్రేముకోసారి మారింది, అద్దంలో ప్రతిబింబం అద్దం ముందు ఉన్నదానితో కలవలేదు. రంగులు, బట్టలు, సీను వాతావరణం ఎలా ఉండాలో ప్రొఫెసరుకి చూపించటానికి పనికొస్తుంది. కెమెరా ఎక్కడ పెట్టాలో దాన్ని అడగకండి, మీ లొకేషను దానికి తెలియదు.

ఉత్త షాట్ డివిజన్

మన ఇండస్ట్రీలో ఎక్కువ సీన్లు ఇలాగే నడుస్తాయి. స్క్రిప్టు పక్కన మాస్టర్, సజెషన్, క్లోజు, ఇన్సర్ట్ (వస్తువునో చేతినో దగ్గర్నుంచి చూపే షాటు) అని నంబర్లు వేసుకుని వెళ్ళిపోతారు. ఇద్దరు కూచుని మాట్లాడుకునే మామూలు సీనుకి అది చాలు, దానికి బొమ్మలు గీయటం చాదస్తం. కానీ ఇండస్ట్రీలో ఆ లిస్టు వెనక ఇరవై ఏళ్ళు కెమెరా పట్టినవాడు ఉంటాడు. మీ కెమెరామన్ మీ క్లాసుమేటే. "కొడుకు క్లోజు" అని రాస్తే మీ మనసులో ఉన్నది గడ్డం నుంచి నుదురు దాకా, వాడి మనసులో ఛాతీ నుంచి పైకి. ఆ తేడా ఎడిటింగులోనే బయటపడుతుంది.

మరి మీ సీనుకి ఏది?

మీకు బొమ్మలొచ్చా రావా అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. సీనులో ఇబ్బంది ఎక్కడుందో చూడండి. ఇరుకు గది, అద్దాలు, ఎక్కువమంది మనుషులు, ఎవరు ఎటు చూస్తున్నారన్న గందరగోళం ఉంటే ప్లాను. వెలుగు, వస్తువులు, లెన్సు తేల్చుకోవాలంటే ఫోను. మౌనం, వేగం, టైమింగ్ అయితే యానిమాటిక్. లొకేషనే లేదు, లేదా తీయబోయేది ఈ లోకంలో లేనిది అయితే పెన్సిలు. నలుగురు ఒక పెళ్ళి పందిట్లో భోజనాల బంతి దగ్గర మాట్లాడుకునే సీనుకి ప్లాను లేకపోతే పిచ్చెక్కుతుంది. ఒక ముసలామె ఒంటరిగా కిటికీ దగ్గర కూచునే సీనుకి ప్లాను దండగ, ఒక్క ఫోటో చాలు. ఒకే సినిమాలో అన్ని సీన్లకీ ఒకే పద్ధతి వాడాలన్న రూలేం లేదు. పది నిమిషాల సినిమాలో నిజంగా కష్టమైన సీన్లు రెండో మూడో ఉంటాయి. కష్టమంతా వాటి మీద పెట్టండి.

టైము గురించి కూడా నిజం మాట్లాడుకోవాలి. కెమెరా ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపి, వెలుగు మళ్ళించటానికి థర్మోకోల్ పట్టించి, ఫోకస్ చూసి, రెండు టేకులు తీసేసరికి మా వాళ్ళకి 25 నిమిషాలు పడుతుంది. ఎంత పొద్దున్నే మొదలెట్టినా భోజనాలు పోను రోజుకి 15 షాట్లు దాటింది లేదు. 40 ఫ్రేముల స్టోరీబోర్డు పట్టుకుని ఒక్కరోజు షూటింగుకి వెళితే, ఏవి వదిలేయాలో కంగారులో తేల్చుకోవాల్సి వస్తుంది. కంగారులో వదిలేసేవి ఎప్పుడూ రియాక్షన్లే. ఇంట్లోనే, చల్లగా కూచుని, ప్రతి కార్డు మూలా ఎర్ర చుక్కో పచ్చ చుక్కో పెట్టుకోండి. ఎర్రది లేకపోతే సీను లేదు. పచ్చది ఉంటే బాగుంటుంది.

ఏ పద్ధతిలో చేసినా సెట్టుకి మాత్రం కాగితం తీసుకెళ్ళండి. బెజవాడ ఎండలో ఫోను స్క్రీను కనపడదు, మధ్యాహ్నానికి చార్జింగు ఉండదు, ఆ ఫోనే టార్చిలైటు కూడా అవుతుంది. పేజీకి ఆరు ఫ్రేముల చొప్పున నాలుగు కాపీలు తీయించి డైరెక్టరుకి, కెమెరాకి, ఏడీకి (అసిస్టెంట్ డైరెక్టరుకి) తలో ఒకటి ఇచ్చి, నాలుగోది నటులకి కనపడేలా గోడకి అంటించండి. నెంబర్లు అందరివీ ఒకటే ఉండాలి. ఒకడు 7 అంటే ఇంకొకడి కాగితంలో అది 7బీ అయితే ఇక ఆ రోజు అంతే.

మా కొట్టు సీనుకి చివరికి మిగిలినవి 14 కార్డులు, అందులో ఎర్ర చుక్కలు తొమ్మిది. అమ్మాయి గీసిన 22లోంచి ఐదు నిలిచాయి, మిగతావి ఫోటోల్లోంచి, ప్లానులోంచి వచ్చాయి. ఆదివారం ఉదయం ఆరున్నరకి మొదలుపెట్టాం. తీసిన కార్డుని తీసినట్టు స్కెచ్ పెన్నుతో కొట్టేస్తూ పోయాడు ఏడీ. పది గంటలకి వెలుగు పోయింది, పదకొండింటికి పక్క కొట్లో పాటలు మొదలయ్యాయి, మధ్యాహ్నం ఒంటిగంటకి మాస్టారు, "ఇక చాల్లే, రేపు డెలివరీలున్నాయి" అన్నాడు. అప్పటికి 11 కార్డులు కొట్టేశాం. మిగిలిన మూడింటిలో రెండు పచ్చవి. ఎడిటింగులో వాటి పేరు కూడా ఎవరూ ఎత్తలేదు. మూడోది ఎర్రది, సూదిలోకి దారం ఎక్కకుండా పక్కకి పోయే ఇన్సర్టు. ఆ తర్వాతి ఆదివారం ఇద్దరే వెళ్ళి, మాస్టారు నిజంగానే ఎవరిదో చొక్కా కుడుతుంటే పక్కన కూచుని తీసుకొచ్చారు. ఆయనకి మాత్రం దారం మొదటిసారే ఎక్కేస్తోంది. ఎక్కకుండా చేయటానికి ఏడు టేకులు పట్టింది.